ఒకటో నంబరు

"ఒకటో నంబరు తీసేశాం మీటా. మిగతా నాలుగు షరతులూ టైపు చేసెయ్. ఆరింటికి చర్చిలో పంచాలి," అన్నాడు మిస్టర్ బోయ్‌కిన్. గుమ్మంలో నిలబడే అన్నాడు. వెనక గదిలోకి ఆయన ఎప్పుడో గానీ రాడు.

అల్మీటా అప్పుడే పొయ్యి మీంచి ఇత్తడి దువ్వెన తీసింది. ఎదురుగా బల్ల మీద మిసెస్ పెర్లీ గెయిన్స్ గడ్డం దాకా తెల్ల దుప్పటితో పడుకుని ఉంది. ప్రాణం పోయి రెండు రోజులైంది. రేపు పదకొండింటికి సమాధి చేస్తారు. ఈలోగా ఆ నెరిసిన జుట్టంతా కాల్చిన దువ్వెనతో సాపు చేసి, చెవుల పక్కన రెండు రింగులు తిప్పాలి. మిసెస్ గెయిన్స్ ప్రతి ఆదివారం చర్చికి అలాగే వచ్చేది.

"ఎందుకు తీసేశారు?"

"మిగతావాటికి దుకాణాల వాళ్ళు ఒప్పుకున్నారు కనక. బూట్లూ టోపీలూ మనమూ వేసుకుని చూసుకోవచ్చు. ప్రెంటిస్ దుకాణంలో మన ఆడపిల్లలిద్దరికి గుమాస్తా ఉద్యోగాలు. మంచినీళ్ళ కుళాయి మీద 'తెల్లవాళ్ళకే' అన్న బోర్డు తీసేస్తారు. తినే కౌంటర్ సంగతి వేసవిలో చూద్దామన్నారు. ఆ మిసెస్ అనే పిలుపు దగ్గరే పీటముడి పడింది. 'మా దుకాణం అమ్మాయిల నోట్లోంచి మాట నేనెలా లాక్కొస్తాను' అంటాడు ప్రెంటిస్. అయినా పిలుపుదేముంది మీటా? పిలుపుతో కడుపు నిండుతుందా?"

"మెల్లగా అనండి. ఇది ఈవిడ అడిగింది."

ఆయన ఒకసారి బల్ల వైపు చూశాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ అయిందా అని అడిగి వెళ్ళిపోయాడు.

నిజమే, ఒకటో నంబరు మిసెస్ గెయిన్స్‌దే. జనవరిలో లీవిట్ ఊరి నల్లవాళ్ళందరూ చర్చిలో కూడి, మెయిన్ స్ట్రీట్ దుకాణాల్లో ఇక సూది కూడా కొనకూడదని కట్టుబాటు చేసుకున్న రోజు, ఏమేం అడగాలో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. మగవాళ్ళు తినే కౌంటర్ గురించే గంట మాట్లాడారు. అప్పుడు లేచింది ఆవిడ, డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి, నలభై ఏళ్ళుగా తెల్లవాళ్ళింట్లో వంట చేస్తున్న మనిషి. "నాకు వాళ్ళ కౌంటర్ దగ్గర కూచుని తినాలని లేదు నాయనా. ఆ వంట సంగతి నాకు తెలుసు, వండేది మనమే. దారం ఉండ కొనుక్కోడానికి వెళితే ఆ పదహారేళ్ళ పిల్ల నన్ను 'ఏమే పెర్లీ' అంటుంది. నన్ను మిసెస్ గెయిన్స్ అనమనండి. అది రాసుకోండి ముందు." ఆడవాళ్ళ వరసలన్నీ ఘొల్లున నవ్వి, తర్వాత కళ్ళు తుడుచుకున్నాయి. అల్మీటా దాన్ని ఒకటో నంబరుగా రాసుకుంది. కమిటీలో పదకొండు మంది మగవాళ్ళు, సెక్రటరీగా తనూ. సెక్రటరీ అంటే మాట్లాడినదంతా రాయాలి, కాఫీ పొయ్యాలి, కుర్చీలు సర్దాలి, నోరు మాత్రం తెరవకూడదు. "మీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది సిస్టర్," అని పాస్టర్ స్టాల్‌వర్త్ ఆ పని అప్పగించారు. ముత్యాలున్నది చేతిలోనే, తలలో కాదని వాళ్ళ నమ్మకం.

ఎనిమిది వారాలు నడిచింది ఆ కట్టుబాటు. నడిచిందంటే నడిచింది ఆడవాళ్ళే. పాత గౌన్లు తిరగేసి కుట్టుకున్నారు. పక్క ఊరికి బస్సులో వెళ్ళి సబ్బులు తెచ్చుకున్నారు. ఈస్టర్‌కి పిల్లలకు కొత్త బట్టలు లేవంటే వాళ్ళ ఏడుపులు సముదాయించారు. మిసెస్ గెయిన్స్ ఒక దారం ఉండ కోసం మూడు మైళ్ళు నడిచి వెళ్ళింది, చలిలో. ఆ వారమే మంచం పట్టింది.

దువ్వెన చల్లారింది. అల్మీటా మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.

ఇరవై రెండేళ్ళు ఈ గదిలో. బయట బోర్డు మీద 'బోయ్‌కిన్ అండ్ సన్, అంత్యక్రియలు' అని ఉంటుంది. ఆ బోయ్‌కిన్ మామగారు, ఆ సన్ ఆయన కొడుకు, తన భర్త. చనిపోయిన ఆడవాళ్ళ తలలు దువ్వేదీ, గౌన్లు తొడిగేదీ, అంత్యక్రియల కాగితం మీద వాళ్ళ జీవితం పది వాక్యాల్లో రాసి సైక్లోస్టైల్ తీసేదీ, వచ్చినవాళ్ళకు కేకులు చేసేదీ ఎవరో బోర్డు చెప్పదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి నడుం పట్టేసి మంచం మీద వాలితే అత్తగారు అంది, "చచ్చినవాళ్ళకి తల దువ్వడం కూడా ఒక పనేనా తల్లీ? వాళ్ళు కదలరు, చిరాకుపడరు." అల్మీటా ఆ మాట మర్చిపోలేదు. ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు ఈ బల్ల దగ్గర నిలబడి, బతికున్నవాళ్ళ కంటే వీళ్ళే నయమనుకుంది కూడా.

నిన్న మిసెస్ గెయిన్స్ పని చేసిన ఇంటి తెల్లావిడ పూలు పంపడానికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చినట్టే ఉంది. "మా పెర్లీ ఇంట్లో మనిషి లాంటిది," అంది. పూల మీద పెట్టే చిన్న కార్డు తీసి, పెన్ను పట్టుకుని, "అన్నట్టు పెర్లీ ఇంటిపేరేంటి?" అని అడిగింది. నలభై ఏళ్ళు ఆవిడ చేతి వంట తిన్న మనిషి. అల్మీటా చెప్పింది. చెప్పి లోపలికొచ్చి, చేతులు కడుక్కుని, మళ్ళీ కడుక్కుంది.

ఆ సాయంత్రమే అంత్యక్రియల కాగితం టైపు చేసింది. 'మిసెస్ పెర్లీ గెయిన్స్.' ఊళ్ళో పేపరు వాళ్ళు నల్లవాళ్ళ వార్తలకు ఒక మూల ఇస్తారు. అందులో ఏ ఆడమనిషి పేరు ముందూ మిసెస్ అని వెయ్యరు. ఎంత బతిమాలినా ససేమిరా అంటారు. లీవిట్‌లో నల్ల ఆడదాని పేరు ముందు అచ్చులో మిసెస్ అని పడాలంటే ఆమె చచ్చిపోవాలి. ఆ అచ్చు కూడా అల్మీటాయే తియ్యాలి.

రింగులు తిప్పడం అయింది. కుడివైపుది సరిగ్గా కుదరలేదని మళ్ళీ తిప్పింది. ఇంట్లోకి వెళ్ళి చొక్కా ఇస్త్రీకి కూచుంది. కాలరు సగం చేసి లేచి, టైపు మిషను దగ్గరికి వెళ్ళింది. స్టెన్సిల్ ఎక్కించింది. వేళ్ళు కదల్లేదు. లేచి కిటికీ తెరిచింది, మూసింది. చొక్కా దగ్గరికి వచ్చింది. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్న తనని చూసి తనకే ఒళ్ళు మండింది. నాలుగు వాక్యాలు టైపు చెయ్యడానికి ఇంత హైరానా ఏంటి? ఆయన చెప్పినదాంట్లో తప్పేముంది? ఇద్దరు ఆడపిల్లలకు ఉద్యోగాలంటే చిన్న విషయమా? చీపురు పట్టుకోకుండా ఆ దుకాణంలో అడుగుపెట్టే మొదటి నల్లపిల్లలు వాళ్ళు. మిసెస్‌దేముంది, పెళ్ళి చేసుకుంటే వచ్చేదే కదా, మొగుడి ఇంటిపేరుకి తోక. అదీ నిజమే. ఎంత నచ్చజెప్పుకున్నా అరికాళ్ళలో ఏదో కరుస్తూనే ఉంది. బూట్లు కరిచినట్టే ఉంది.

బూట్లు.

అప్పుడు అల్మీటాకి ఏడేళ్ళు. అమ్మ తెల్లవాళ్ళ బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేది. నాన్న పని వెతుక్కుంటూ ఉత్తరానికి రైలెక్కి మళ్ళీ రాలేదు. మొగుడు వదిలేసి పోయినా మిసెస్‌ని మాత్రం అమ్మ వదల్లేదు. చర్చిలో ఆమె మిసెస్ టాలివర్. పుస్తకాల్లో, రసీదుల్లో, ఎక్కడ సంతకం పెట్టినా సి. టాలివర్. ఆ సి ఏమిటో తెల్లవాళ్ళెవరికీ తెలియదు. పేరు దొరికితే చాలు, పాలు తాగే తెల్లపిల్లాడి దగ్గర్నించి అందరూ ఆ పేరు పట్టుకునే కేకేస్తారు. దొరక్కపోతే 'ఏమ్మాయ్' అంటారు. అది ఎవరినైనా అనొచ్చు, తనని అనుకోనక్కర్లేదు. అదీ అమ్మ లెక్క. అల్మీటా కూడా అందుకే ఇంట్లో, వంటింట్లో, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా భర్తని మిస్టర్ బోయ్‌కిన్ అనే అంటుంది. ఆయన కూడా వీధిలో తెల్లవాళ్ళ ముందు ఆమెని మిసెస్ బోయ్‌కిన్ అంటాడు. గుమ్మం దాటి లోపలికొస్తే మీటా. కమిటీలోనూ మీటాయే.

ఈస్టర్ ముందు శనివారం అది. అంతకు మూడు వారాల ముందు అమ్మ గోధుమరంగు కాగితం నేల మీద పరిచి, అల్మీటా పాదం చుట్టూ పెన్సిలుతో గీసి, కత్తిరించి ప్రెంటిస్ దుకాణంలో ఇచ్చింది. నల్లపిల్ల కాలు పెట్టిన బూటు తెల్లపిల్లకి అమ్మకూడదు కనక పాదం బదులు కాగితం వెళ్ళేది. ఇప్పుడు బూట్లు వచ్చాయి. తెల్లవాళ్ళందరి బేరాలూ అయ్యేదాకా గోడ పక్కన నిలబడ్డారు. "మిసెస్ హాలోవే, మీ పాదానికి ఇవి అమిరినట్టు ఇంకేవీ అమరవండీ," అంటున్నాడు గుమాస్తా మోకాళ్ళ మీద కూచుని. కొత్తగా వచ్చినవాడు. ఆవిడ వెళ్ళాక లేచి, మోకాళ్ళు దులుపుకుని, వీళ్ళ పెట్టె తీసి కౌంటర్ మీద పెట్టి మూత తెరిచాడు. పల్చటి కాగితంలోంచి నల్లగా నిగనిగలాడే పట్టీ, వెండిరంగు బొత్తాం.

"పేరేంటే?"

"సి. టాలివర్ అండి."

"సి అంటే?"

"సి అంటే సీయేనండి. మా వాళ్ళు అంతే పెట్టారు."

"ఓహో, అక్షరాలు పేర్లుగా పెట్టుకుంటున్నారా మీరు? పూర్తి పేరు చెప్పు. లేకపోతే పెట్టె ఇవ్వను."

అమ్మ మొహంలో ఏ మార్పూ లేదు. "అయితే ఇంకోసారి వస్తానండి," అని అల్మీటా చెయ్యి పట్టుకుని తిరిగింది. గుమాస్తా మూత వెయ్యబోయాడు. వెండిరంగు బొత్తాం ఇంకా కనిపిస్తోంది.

"మా అమ్మ పేరు క్లారిస్సా అండి."

నోరు జారిందని అల్మీటా చాలా ఏళ్ళు తనకు తను చెప్పుకుంది. జారలేదు. కావాలనే చెప్పింది.

"చూశావా క్లారిస్సా," అన్నాడు వాడు చేటంత మొహం చేసుకుని, "నీకంటే నీ కూతురే నయం. ఇదిగో క్లారిస్సా, పట్టుకెళ్ళు క్లారిస్సా."

రైలు పట్టాలు దాటేదాకా అమ్మ గబగబా నడిచింది. దాటాక పెట్టె ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంది. "ఆ పేరు మా నాన్న పెట్టాడు. ఆయనకీ, మా అమ్మకీ, మీ నాన్నకీ, నీకూ తెలుసు. ఇవాళ్టి నించి అందరికీ తెలుస్తుంది. సరేలే, నడు," అంది. అంతే. ఒక్క దెబ్బ వెయ్యలేదు. వేసి ఉంటే బాగుండేదని అల్మీటాకి ఇప్పటికీ అనిపిస్తుంది.

సోమవారానికల్లా ఊరంతా పాకింది. ఐసు అమ్మేవాడు కంచె అవతల నించి "క్లారిస్సా" అని కేక. ఇన్సూరెన్సు డబ్బుల వాడు టోపీ తియ్యకుండానే వరండా ఎక్కి "క్లారిస్సా, ఉన్నావా". పిలిచినప్పుడల్లా అమ్మ కుడి భుజం చిన్నగా ఎగిరి పడేది, ఎవరో వెనక నించి తట్టినట్టు. చనిపోయే దాకా ఎగురుతూనే ఉంది. బూట్లేమో మరుసటి ఈస్టర్‌కే బిగుతైపోయాయి.

తర్వాత చాలా కాలానికి అల్మీటా బోయ్‌కిన్ పేరు పెద్ద పేపర్లలో పడ్డాక, ఎంతోమందిని వెంటబెట్టుకుని కోర్టుల మెట్లెక్కాక, ఇదంతా మీకు ఎక్కడ మొదలైందని అడిగేవాళ్ళు దూరాల నించి వచ్చేవారు. జైలు అంటుందనో, లాఠీలంటుందనో పెన్ను సిద్ధంగా పట్టుకునేవారు. ఆమె బూట్లు అనేది. వాళ్ళు మొహమాటంగా నవ్వి ఇంకో ప్రశ్న అడిగేవారు.

అల్మీటా టైపు మిషను ముందు కూచుంది. ఆ పాత మిషనుకి ఒకటి అంకె మీట లేదు. ఒకటి కావాలంటే చిన్న ఎల్ అక్షరం కొట్టి ఒకటనుకోవాలి. ఇన్నేళ్ళూ అలాగే సరిపెట్టుకుంది. ఇవాళ దాన్ని చూస్తే నవ్వొచ్చింది. దీనికీ ఒకటో నంబరు అక్కర్లేదన్నమాట. ఎల్ కొట్టింది. పక్కన చుక్క పెట్టింది. ఆ తర్వాత వేళ్ళు ఆగలేదు. అయిదూ టైపు చేసింది. సైక్లోస్టైల్ పిడి తిప్పుతుంటే సిరా ముంజేతి దాకా అంటింది. రెండు వందల కాగితాలు. చొక్కా కాలరు పూర్తి చేసింది.

మిస్టర్ బోయ్‌కిన్ అయిదున్నరకి వచ్చి చొక్కా తొడుక్కున్నాడు. "అయిందా?"

"అయింది."

కట్ట తీసి చంకలో పెట్టుకున్నాడు. చదవలేదు. ఇరవై రెండేళ్ళలో ఆమె టైపు చేసింది ఒక్కటీ ఆయన చదవలేదు. నమ్మకం అంటాడు. నలుగురికీ గొప్పగా కూడా చెబుతాడు.

చర్చి నిండిపోయింది. వేదిక మీద పదకొండు కుర్చీల్లో పదకొండు మంది. అల్మీటా కింద రెండో వరసలో, ఒళ్ళో నోటు పుస్తకంతో. పక్కన మిసెస్ గెయిన్స్ ఎప్పుడూ కూచునే చోట ఎవరో ఆవిడ చేతి విసనకర్ర పెట్టారు. కాగితాలు చేతులు మారుతూ వెనక్కి వెళుతున్నాయి. పాస్టర్ స్టాల్‌వర్త్‌ లేచారు. ఆయన ఏ కాగితమూ ముందు చదువుకోరు, చదివితే ఆత్మ చల్లారిపోతుందంటారు. తన గొంతు తనకే ఇష్టమైన మనిషి.

"ప్రెంటిస్‌గారూ, తక్కిన వర్తకులూ రేపు ఉదయం సంతకం చేయబోయే ఒప్పందం," అన్నారు. కళ్ళజోడు సర్దుకున్నారు. "మొదటిది. ఈ వీధిలోని ప్రతి దుకాణంలోనూ మా స్త్రీలను మిసెస్ అని, పెళ్ళికాని పిల్లలను మిస్ అని ఇంటిపేరుతో పిలవాలి. మా పేర్లు మావి. మేం చెప్పదలుచుకున్నవారికే చెబుతాం. ఇది కోరినవారు మిసెస్ పెర్లీ..."

అక్కడ ఆగారు. అప్పటికే ఆలస్యమైంది. వెనక వరసల్లోంచి ఒక ముసలి గొంతు "ఆమెన్" అంది. ఇంకోటి అంది. ఆడవాళ్ళ వరసలన్నీ అన్నాయి. విసనకర్రలు ఆగిపోయాయి. పాస్టరుగారు కాగితం తిప్పి వెనకవైపు చూశారు, అక్కడేమైనా ఉందేమోనని.

మిస్టర్ బోయ్‌కిన్ కుర్చీలోంచి లేచాడు. "మీటా, ఏంటిది?"

అల్మీటా నిలబడింది. నోటు పుస్తకం జారి కింద పడింది, తియ్యలేదు.

"మిసెస్ బోయ్‌కిన్ అనండి, మిస్టర్ బోయ్‌కిన్. నలుగురిలో ఉన్నాం."

ఎవరో పిల్ల కిసుక్కుమంది. తల్లి ఊరుకోమంది. మిస్టర్ బోయ్‌కిన్ మొహం కందిపోయింది. కోపమో సిగ్గో ఆ మనిషికే తెలిసినట్టు లేదు.

"సిస్టర్ బోయ్‌కిన్," అన్నారు పాస్టరుగారు పసిపిల్లకి చెప్పినట్టు, "మీ బాధ మాకు తెలియంది కాదమ్మా. కానీ రేపు ప్రెంటిస్ ఇది చూస్తే కాగితం చింపేస్తాడు. ఆ రెండు ఉద్యోగాలూ చేతిదాకా వచ్చి పోతాయి. ఒక్క పిలుపు కోసం."

"పోవచ్చు," అంది అల్మీటా. ముప్పైనాలుగేళ్ళుగా పైకి అనని పేరు ఇప్పుడు పైకి అంది.

"మా అమ్మ పేరు మిసెస్ క్లారిస్సా టాలివర్. ప్రెంటిస్ దుకాణంలో, ఆ కౌంటర్ దగ్గరే, ఆ పేరు వాళ్ళకి ఇచ్చేసింది నేనే. ఒక జత బూట్ల కోసం. అప్పుడు నాకు ఏడేళ్ళు."

వేదిక మీది పదకొండు మందినీ ఒక్కొక్కరినే చూసింది.

"మీరెవరూ ఏడేళ్ళ పిల్లలు కారు."